బ్రాకెట్ పడకపోతే బిల్లు 20 లక్షలు

చెన్నై వాషర్‌మెన్‌పేట్ ఎం.సి. రోడ్డులో ఒక టోకు బట్టల కొట్టు బిల్లు ఊహించుకుందాం. 450 రూపాయల చీరలు 12, 375 రూపాయల చీరలు 8. మొత్తం ఎంత? నోటిలెక్క వచ్చినవాళ్లు 5,400కి 3,000 కలిపి 8,400 అనేస్తారు. ఇప్పుడు గల్లాపెట్టె పక్కనుండే 12 అంకెల కాలిక్యులేటర్ తీసుకుని 12 × 450 + 8 × 375 అని వరసగా నొక్కి సమానం గుర్తు కొట్టండి. చాలా యంత్రాల మీద 20,28,000 వస్తుంది. అక్షరాలా ఇరవై లక్షల ఇరవై ఎనిమిది వేలు.

యంత్రం చెడిపోలేదు. బటన్లు ఏ వరసలో నొక్కితే ఆ వరసలోనే అది లెక్క కట్టేస్తుంది. 12 × 450 అంటే 5,400. దానికి 8 కలిపితే 5,408. దాన్ని 375తో హెచ్చవేస్తే 20,28,000. అంటే మనం కొట్టిన దాన్ని అది ((12 × 450) + 8) × 375 అని చదువుకుంది. అదే వరస ఫోన్‌లోని కాలిక్యులేటర్‌లో కొడితే 8,400 చూపిస్తుంది, ఎందుకంటే అది (12 × 450) + (8 × 375) అని చదువుకుంటుంది. రెండూ బ్రాకెట్లు పెట్టుకున్నాయి. రెండూ ఆ బ్రాకెట్లను మనకు చూపించలేదు.

ఈ సంగతి తెలిసిన గుమాస్తాలు ఎమ్ ప్లస్ బటన్ వాడతారు. 12 × 450 కొట్టి ఎమ్ ప్లస్, 8 × 375 కొట్టి ఎమ్ ప్లస్, ఆఖర్న ఎమ్ ఆర్ నొక్కితే 8,400 వచ్చేస్తుంది. బ్రాకెట్ బటన్ లేని యంత్రం మీద ఎమ్ ప్లస్సే బ్రాకెట్ అన్నమాట. గణితం పాఠం ఏదీ చెప్పని ఈ కిటుకును బజారు తనంతట తనే పట్టుకుంది.

297 రూపాయలు ఎవరికీ కనబడవు

20 లక్షల తప్పు నిజానికి మంచి తప్పు. చూడగానే దొరికిపోతుంది. భయపడాల్సింది చిన్న తేడాలకు.

అదే బిల్లుకి 10 శాతం తగ్గింపు ఇచ్చి, ఆపైన 5 శాతం జీఎస్టీ వేశామనుకోండి. 8,400 మీద తగ్గింపు పోతే 7,560, పన్ను కలిస్తే 7,938. దీన్ని ఎక్సెల్‌లో ఒకే వరసలో రాస్తే ఇలా ఉంటుంది: (12*450+8*375)*(1-10/100)*(1+5/100). మొదటి జత బ్రాకెట్లు మరిచిపోతే తగ్గింపూ పన్నూ రెండో రకం చీరలకే పడతాయి. వచ్చే జవాబు 8,235. కొన్నవాడి మీద 297 రూపాయలు ఎక్కువ పడ్డాయి, బిల్లు చూస్తే మాత్రం అనుమానం రాదు. మూడు జతలూ తీసేస్తే 8,399.95. ఇందులో ఆ 95 పైసలు చూసైనా ఎవరో ఒకరు ఆగుతారు. మొదటి తప్పులో అలాంటి దయ కూడా లేదు.

ఇంకొకటి. బ్రాకెట్ తెరిచి మూయడం మరిచిపోతే ఎక్సెల్ ఒక్కోసారి తనే మూసేస్తుంది, ఒక్కోసారి ‘ఇలా సరిచేయనా’ అని అడుగుతుంది. ఉదాహరణకు (12*450+8*375*0.9 అని ఆపేశామనుకోండి. అది సూచించే చోటు వరస చివర. అంటే (12*450+8*375*0.9), జవాబు 8,100. మన ఉద్దేశం 375 తరవాత మూయాలని, అప్పుడు 7,560. తొందరలో ‘సరే’ నొక్కినవాడికి 540 రూపాయలు తేడా. లెక్క కట్టడంలో తప్పు లేదు, బ్రాకెట్ల సంఖ్యలో తప్పు లేదు, చోటులోనే తప్పు.

మైనస్ గుర్తు దగ్గర సాఫ్ట్‌వేర్లే ఒకదానితో ఒకటి ఒప్పుకోవు. ఎక్సెల్‌లో -3^2+5 అని కొడితే 14 వస్తుంది. అవే అంకెలు తిప్పి 5-3^2 అని కొడితే మైనస్ 4. మొదటిదాంట్లో ముందున్న మైనస్‌ను అది 3కి అతికించేసి (-3)^2 అని చదువుతుంది. రెండోదాంట్లో మైనస్ తీసివేత గుర్తు కాబట్టి ఘాతం ముందు, తీసివేత తరవాత. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఘాతానికి రెండు నక్షత్రాలు వాడతారు, అక్కడ రెండింటికీ మైనస్ 4 వస్తుంది. ఘాతం మీద ఘాతం పడినా ఇదే గొడవ. 2^3^2 అంటే ఎక్సెల్‌కు 64, ఎడమ నుంచి చదువుతుంది కాబట్టి. పైథాన్‌కు 512, కుడి నుంచి చదువుతుంది కాబట్టి. ఎవరిది ఒప్పు అని పంచాయితీ పెట్టడం దండగ. ఇద్దరివీ రాసిపెట్టిన నియమాలే. అయితే జవాబు పక్కన (2^3)^2 అనో 2^(3^2) అనో సాఫ్ట్‌వేర్ తాను చదువుకున్న తీరు చూపించి ఉంటే ఈ ప్రశ్నే పుట్టేది కాదు.

జమాఖర్చుల కాగితాల్లో బ్రాకెట్‌కు పూర్తిగా వేరే ఉద్యోగం ఉంది. లాభనష్టాల పట్టీలో (1,250) అని ఉంటే అది 1,250 నష్టం. ఎక్సెల్ గడిలో (100) అని కొట్టి చూడండి, మైనస్ 100 అయి కూర్చుంటుంది. ఆడిటర్ బ్రాకెట్ వేరు, లెక్కల మాస్టారి బ్రాకెట్ వేరు. ఒకే కాగితం మీద రెండూ కలిసిన రోజున చదివేవాడి పని అయినట్టే.

నాలుగు అంకెలకు ఐదు రకాలు

16 − 8 − 4 − 2. అంకెలు కదపకుండా బ్రాకెట్లు మాత్రం మారుద్దాం.

((16 − 8) − 4) − 2 అంటే 2. (16 − 8) − (4 − 2) అంటే 6. (16 − (8 − 4)) − 2 అంటే 10. 16 − (8 − (4 − 2)) అన్నా 10. 16 − ((8 − 4) − 2) అంటే 14. ఐదు పద్ధతులు, నాలుగు జవాబులు.

అంకెలు పెరిగేకొద్దీ ఈ పద్ధతులు ఎలా పెరుగుతాయో గణితంలో ఎప్పుడో తేల్చారు. ఐదు అంకెలకు 14, ఆరింటికి 42, పదకొండు అంకెలకు 16,796. వీటిని కాటలాన్ సంఖ్యలంటారు. గణితవేత్త యూజీన్ కాటలాన్ 1838లో బ్రాకెట్ల లెక్కతోనే వీటి దగ్గరికి వచ్చాడు. అంతకు ముందు 1751లో ఆయిలర్ బహుభుజిని త్రిభుజాలుగా కోసే లెక్కలో ఇవే సంఖ్యలను చూశాడు. పదకొండు అంకెలున్న మామూలు వరస ఒకటి 16,796 రకాలుగా చదవడానికి వీలుందంటే, మనం ఇన్నాళ్లూ తప్పులు చేయకుండా నెట్టుకొచ్చింది ఎడమ నుంచి కుడికి చదవాలన్న ఒప్పందం మీదా, ఏ గుర్తు ముందో చెప్పే బాడ్మాస్ నియమం మీదా ఆధారపడే.

కంప్యూటర్ లోపల ఈ గందరగోళమేమీ ఉండదు. గణిత సాఫ్ట్‌వేర్ మామూలుగా మనం కొట్టిన వరసను ముందు చెట్టులా విడదీసుకుంటుంది. ఏ గుర్తు కింద ఏ రెండు సంఖ్యలు వేలాడుతున్నాయో అందులో స్పష్టంగా ఉంటుంది. ఆ చెట్టులో బ్రాకెట్లు ఉండవు, వాటి అవసరమూ లేదు. చెట్టును మళ్లీ మనిషి చదివే వరసగా మార్చి తెర మీద వేసేటప్పుడు మాత్రమే బ్రాకెట్ పుడుతుంది. అంటే ఫలితంలో కనబడే ప్రతి బ్రాకెట్టూ చదివేవాడి కోసమే.

ఎక్కడ వేయాలన్నదానికి వాడుకలో ఉన్న సూత్రం సులువే. ప్రతి గుర్తుకూ ఒక హోదా ఇస్తారు. కూడిక, తీసివేతలకు 1 అనుకోండి, గుణకార భాగహారాలకు 2, ఘాతానికి 3. కింద వేలాడే గుర్తు హోదా పైదానికన్నా తక్కువైతే బ్రాకెట్ వేయాలి. హోదాలు సమానమైతే ఎడమవైపున్నదానికి అక్కర్లేదు, కుడివైపున్నదానికి కావాలి. అందుకే (16 − 8) − 4లో బ్రాకెట్ తీసేయొచ్చు, 16 − (8 − 4)లో తీయకూడదు. తీస్తే 12 కాస్తా 4 అయిపోతుంది.

అసలు చిక్కు ఈ సూత్రం దగ్గరే మొదలవుతుంది. ఇది అవసరానికి తగ్గట్టు అతి తక్కువ బ్రాకెట్లు వేస్తుంది. యంత్రం తిరిగి చదువుకోవడానికి అవి చాలు. మనిషికి చాలవు. 2^3^2 దగ్గర సూత్రం ప్రకారం బ్రాకెట్ అవసరం లేదని సాఫ్ట్‌వేర్ ఊరుకుంటే, చూసినవాళ్లలో కొందరు 64 అనుకుంటారు, కొందరు 512 అనుకుంటారు. పోనీ అన్నిచోట్లా వేసేద్దామా అంటే, (((16 − 8) − 4) − 2) లాంటివి వస్తాయి. తప్పు లేదు, చదవబుద్ధి కాదు. నా లెక్కలో మంచి సాఫ్ట్‌వేర్ అంటే కూడికలూ గుణకారాలూ కలిసిన చోట నోరు మూసుకుని, ఘాతం మీద ఘాతం, మైనస్ మీద ఘాతం, భాగహారం పక్కన గుర్తు లేని గుణకారం వచ్చిన చోట అడక్కుండానే బ్రాకెట్ వేసేది.

రాయపురం దాకా

వాషర్‌మెన్‌పేట్ పక్కనే రాయపురం. అక్కడ గణిత ఉపాధ్యాయుడు పి.కె. శ్రీనివాసన్ 1993లో స్థాపించిన రామానుజన్ మ్యూజియం ఉంది. ఇంకొంచెం దక్షిణంగా వెళ్తే మద్రాసు పోర్టు. 1912 మార్చి 1న రామానుజన్ నెలకు 30 రూపాయల జీతం మీద గుమాస్తాగా చేరింది ఆ పోర్టు ట్రస్టులోనే. బ్రాకెట్ల గురించి మాట్లాడుకోవడానికి ఆయన లెక్కల కన్నా మంచి చోటు దొరకదు.

1911లో ఇండియన్ మేథమేటికల్ సొసైటీ పత్రికలో ఆయన ఒక ప్రశ్న వేశాడు. వర్గమూలం లోపల వర్గమూలం, దాని లోపల ఇంకొకటి, అలా అంతు లేకుండా పోయే వరస విలువ ఎంత అని. ఆరు నెలలు గడిచినా ఎవరూ జవాబు పంపకపోవడంతో ఆయనే చెప్పాడు: 3. కాగితం మీద రాసినప్పుడు ఇందులో ఒక్క బ్రాకెట్ కూడా ఉండదు. వర్గమూలం గుర్తు పైనున్న అడ్డగీత ఎంత దూరం సాగితే అంతవరకూ దాని అధికారం. ఆ గీత కూడా బ్రాకెట్టే, పడుకున్న బ్రాకెట్. అచ్చులో గుండ్రటి బ్రాకెట్లు 1556 నాటి టార్టాల్యా పుస్తకంలోనే కనిపిస్తాయిగానీ, చాలాకాలం వాటితో పాటు అడ్డగీత కూడా అదే పని చేసింది.

కీబోర్డు మీద అడ్డగీతను సాగదీయలేం. కాబట్టి నాలుగు మూలాల వరకు రాయాలంటే √(1+2√(1+3√(1+4√(1+5)))) అని కొట్టాలి. నాలుగు తెరిచాం, నాలుగు మూశాం, విలువ 2.7551. ఒక మూలంతో ఆపితే 1.7321, రెండింటితో 2.2361, మూడింటితో 2.5598, ఐదింటితో 2.8671. 3 వైపు మెల్లగా ఎక్కుతోంది, ఎప్పుడూ 3 దాటదు.

రెండు మూలాల దగ్గరే ఆగి కాస్త దగ్గరగా చూద్దాం. √(1+2√(1+3)) విలువ 2.2361. చివరి బ్రాకెట్‌ను అక్కడి నుంచి తీసి 2 తరవాత పెట్టండి: √(1+2)√(1+3). ఇప్పుడు విలువ 3.4641. రెండింట్లోనూ రెండు తెరుచుకున్నాయి, రెండు మూసుకున్నాయి. అక్షరాలు అవే, లెక్క సరిపోయింది. బ్రాకెట్ల జతలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే సాఫ్ట్‌వేర్‌కు రెండూ ఒప్పే. వరస 3 దాటకూడదని తెలిసినవాడికి మాత్రమే 3.4641 మీద అనుమానం వస్తుంది.

ఇంతకన్నా గమ్మత్తయిన ఉదాహరణ ఆయన 1914 వ్యాసంలో ఉంది. అందులోని π శ్రేణి మొదటి పదం ఒక్కటే తీసుకుంటే π విలువ సుమారుగా 9801 ÷ (2206 × √2) అవుతుంది. కట్టి చూస్తే 3.14159273. మొదటి పదంతోనే ఆరు దశాంశాలు సరిపోయాయి. ఇప్పుడు బ్రాకెట్ తీసేసి 9801 ÷ 2206 × √2 అని కొట్టండి. 6.28318546. π కాస్తా రెండు π అయిపోయింది. కారణం వెతకడం కష్టం కాదు. √2తో భాగించాల్సిన చోట √2తో హెచ్చవేశాం, ఆ రెంటికీ తేడా సరిగ్గా రెండింతలు. తప్పు జవాబు కూడా గణితంలో అందరికీ తెలిసిన సంఖ్యే కావడం వల్ల, ‘ఎక్కడో 2 పడింది’ అని వేరే చోట వెతుక్కుంటూ సాయంత్రం దాకా కూర్చునే ప్రమాదం ఉంది.

ఈ శ్రేణితోనే గణితవేత్త బిల్ గాస్పర్ 1985లో π విలువను 1,75,26,200 అంకెల దాకా లెక్కకట్టాడు. వాడిన యంత్రం సింబాలిక్స్ కంపెనీది, లిస్ప్ భాష కోసమే తయారైంది. 1958లో జాన్ మెకార్తీ మొదలుపెట్టిన ఆ భాషలో కూడిక కూడా బ్రాకెట్‌లోనే రాయాలి: (+ 2 3). పోర్టు ట్రస్టు గుమాస్తా లెక్క ఇన్ని బ్రాకెట్లు వాడే భాష పుట్టించిన యంత్రం మీద పండింది.

క్యాసియో చేసిన మంచి పని

వాషర్‌మెన్‌పేట్‌లో 1950లో మొదలైన సర్ త్యాగరాయ కళాశాల ఉంది. తెలుగువాడు పిట్టి త్యాగరాయ చెట్టి పేరు మీద పెట్టింది. ఇలాంటి కాలేజీల ముందు బస్సు దిగే పిల్లల సంచుల్లో సైంటిఫిక్ కాలిక్యులేటర్ మామూలు సరుకు.

వాళ్ల మధ్య తిరిగే పాత తగాదా 6 ÷ 2(1+2). కొందరికి 9, కొందరికి 1. ఎడమ నుంచి చదివితే 6 ÷ 2 అంటే 3, దాన్ని 3తో హెచ్చవేస్తే 9. గుర్తు లేకుండా అతుక్కున్న 2(1+2) ఒకే ముక్క అనుకుంటే 6 ÷ 6, అంటే 1. 2019లో 8 ÷ 2(2+2) అంటూ ఇదే ప్రశ్న ప్రపంచమంతా తిరిగి, 16 అనేవాళ్లూ 1 అనేవాళ్లూ రోజుల తరబడి కొట్టుకున్నారు.

క్యాసియో క్లాస్‌విజ్ శ్రేణి కాలిక్యులేటర్లలో దీన్ని కొట్టి సమానం నొక్కితే ఒక విశేషం జరుగుతుంది. జవాబు 1 వస్తుంది. దాంతో పాటు పైన మనం కొట్టిన వరస కూడా మారిపోతుంది. 6 ÷ (2(1+2)) అని, మనం వేయని బ్రాకెట్‌ను అదే వేసి చూపిస్తుంది. 9801 ÷ 2206√2 అని కొట్టినా అంతే, 2206√2 చుట్టూ బ్రాకెట్ వచ్చి 3.14159273 కనబడుతుంది. 9 ఒప్పా 1 ఒప్పా అన్నది అలా ఉంచండి. ‘నేను ఇలా అర్థం చేసుకున్నాను, నీ ఉద్దేశం ఇదేనా’ అని యంత్రం ముందే చెప్పేసింది. కాదనుకుంటే వెనక్కి వెళ్లి మార్చుకోవచ్చు. గణిత సాఫ్ట్‌వేర్ ఫలితం గురించి ఈ వ్యాసంలో నేను అడిగేదంతా ఈ ఒక్క పనే. అంత ఖరీదు లేని చేతి యంత్రం చేయగలిగినదాన్ని లక్షలు పోసి కొనే సాఫ్ట్‌వేర్లు ఎందుకు చేయవో నాకు అర్థం కాదు.

మేథమేటికా అనే గణిత సాఫ్ట్‌వేర్ వేరే దారి పట్టింది. 1988లో వచ్చినప్పటి నుంచీ అందులో ప్రమేయాలకు నలుచదరపు బ్రాకెట్, కూర్పుకు గుండ్రటిది, జాబితాలకు మెలికల బ్రాకెట్. క(ఖ+1) అని రాస్తే క అనే ప్రమేయమా, క ఇంటూ ఖ+1 ఆ అన్న సందేహం మామూలు గణితంలో ఉంటుంది, అక్కడ ఉండదు. కొత్తవాళ్లు వారం రోజులు తిట్టుకుంటారు, ఆ తరవాత అలవాటైపోతుంది.

ఎత్తు ఎంత?

బ్రాకెట్ సరైన చోట పడితే సరిపోదు, సరైన ఎత్తులో పడాలి. దీన్ని చూడండి.

⎛    1⎞²
⎜1 + ─⎟
⎝    3⎠

విలువ 16/9, అంటే 1.7778. మూడు వరసల ఎత్తున్న ఈ లెక్కకు మధ్య వరసలో మాత్రమే చిన్న బ్రాకెట్ వేస్తే, పైనున్న 2 ఎవరిదో తేలదు. 3 మీద వర్గం అనుకున్నవాడికి 1.1111 వస్తుంది.

పై బొమ్మలో బ్రాకెట్ ఒక్క అక్షరం కాదు. మామూలు బ్రాకెట్ల జతకు కంప్యూటర్ సంకేతాలు 40, 41. అవి ఒక వరస ఎత్తే ఉంటాయి. పొడుగ్గా కట్టడానికి యూనికోడ్‌లో 9115 నుంచి 9120 దాకా ఆరు ముక్కలు 2002లో చేరాయి. పై వంపు, నడిమి గీత, కింది వంపు, ఎడమకు మూడు, కుడికి మూడు. నడిమి గీతను ఎన్నిసార్లు పేరిస్తే అంత ఎత్తు. నలుచదరపు బ్రాకెట్లకూ ఆరు ముక్కలున్నాయి, మెలికల బ్రాకెట్లకు మధ్యలో ముక్కు ఉండాలి కాబట్టి ఏడు. పైథాన్‌లో సింపై అనే ఉచిత సాఫ్ట్‌వేర్ టెర్మినల్ మీద ఫలితాన్ని అందంగా చూపించేటప్పుడు ఈ ముక్కలతోనే కడుతుంది.

అచ్చులో ఈ పని చేసే టెక్ పద్ధతి ఇంకా నిక్కచ్చిగా ఉంటుంది. కంప్యూటర్ శాస్త్రవేత్త డోనాల్డ్ నూత్ 1977లో తన పుస్తకం ప్రూఫులు చూసి, అచ్చు నచ్చక, తనే ఒక అచ్చు సాఫ్ట్‌వేర్ రాయడానికి కూర్చున్నాడు, అదే టెక్. అందులో చేత్తో ఎంచుకునే పెద్ద బ్రాకెట్లు నాలుగు సైజుల్లో ఉంటాయి: 12, 18, 24, 30 పాయింట్లు. అంగుళానికి 72.27 పాయింట్లు. టెక్‌నే కొలిచి వేయమంటే రెండు షరతులు చూసుకుంటుంది. బ్రాకెట్ ఎత్తు లెక్క ఎత్తులో 90.1 శాతానికి తగ్గకూడదు, లోటు 5 పాయింట్లు మించకూడదు. 40 పాయింట్ల ఎత్తున్న లెక్కకు కనీసం 36.04 పాయింట్ల బ్రాకెట్ కావాలి, 100 పాయింట్ల లెక్కకు 95. అన్నట్టు, టెక్ వెర్షన్ సంఖ్య కూడా π వైపే నడుస్తుంది. 2021లో వచ్చింది 3.141592653.

వెబ్‌లో ఈ మర్యాద ఆలస్యంగా అందింది. బ్రాకెట్లను సాగదీసే ఏర్పాటున్న వెబ్ గణిత భాష మ్యాథ్ఎమ్ఎల్ 1998లోనే ప్రమాణమైనా, క్రోమ్ బ్రౌజర్ దాన్ని స్థిరంగా చూపించడం 2023 జనవరిలో వచ్చిన 109వ వెర్షన్‌తోగానీ కుదరలేదు.

తెలుగుకు అదనపు తిప్పలు ఉన్నాయి. పై బొమ్మ లాంటిది నిలబడాలంటే ప్రతి అక్షరం ఒక గడి వెడల్పే ఉండాలి. ‘స్త్రీ’ మన కంటికి ఒకే అక్షరం. కంప్యూటర్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం కలిపి ఆరు సంకేతాలు, పొడవు ఎంతని పైథాన్‌ను అడిగితే 6 అంటుంది. ఈ సంఖ్యను నమ్మి కుడి బ్రాకెట్‌ను ఎక్కడ నిలబెట్టాలో తేల్చుకునే ప్రోగ్రాం దాన్ని తప్పు గడిలో పెడుతుంది, మూడు ముక్కలు మూడు చోట్లకు జారిపోతాయి. దీనికితోడు వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు కుట్టిన బ్రాకెట్ మన అక్షరాలకు పొట్టి చొక్కాలా కనబడుతుంది. తెలుగు మాధ్యమంలో పాఠాలు తయారుచేసేవాళ్లు చరరాశులకు క, ఖ బదులు ఇంగ్లీషు అక్షరాలే ఉంచేయడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటనిపిస్తుంది.

ఇవన్నీ సరిగ్గా పడ్డాక కూడా కాపీ పేస్టు దగ్గర పోయే ప్రమాదం ఉంది. పీడీఎఫ్‌లో పైన 1+5, కింద 2+4, నడుమ అడ్డగీత. విలువ 1. దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే గీత పోయి రెండు ముక్కలూ పక్కపక్కన పడతాయి. అందినవాడు గీత బదులు ఏటవాలు గీత పెట్టి 1+5/2+4 అని కొట్టుకుంటే 7.5. అడ్డగీత చేస్తున్న బ్రాకెట్ పని దాంతోపాటే మాయమైంది. 2 మీద 10వ ఘాతం 210గా దిగడం కూడా ఈ బాపతే, 1,024 పోయి 210 మిగిలింది.

మూతల కుప్ప

రామానుజన్ వరసను పది మూలాల దాకా రాస్తే చివర పది మూతలు వరసగా పడతాయి: )))))))))). ఇందులో తొమ్మిది ఉన్నాయా, పదకొండా? మనిషి కన్ను చూడగానే లెక్కపెట్టకుండా గుర్తుపట్టేది మూడు నాలుగు వస్తువులనే. ఆపైన వేలు పెట్టి లెక్కపెట్టాల్సిందే. రంగులు కొంత సాయం చేస్తాయి. ఎక్సెల్‌లో సూత్రం దిద్దుతున్నంతసేపూ ఒక్కో జతకు ఒక్కో రంగు కనబడుతుంది, ఎంటర్ కొట్టగానే రంగులు పోతాయి. ప్రోగ్రాములు రాసేవాళ్లు వాడే వీఎస్ కోడ్‌లో ఈ రంగుల ఏర్పాటు 2021లో చేరింది. అదే ఏడాది వచ్చిన పైథాన్ 3.10, మూయని బ్రాకెట్ ఉంటే ‘ఇది తెరిచి మూయలేదు’ అని ఆ బ్రాకెట్‌నే వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టింది. అంతకుముందు తప్పు ఒక వరసలో ఉంటే ఫిర్యాదు కింది వరస మీద వచ్చేది.

ఎక్సెల్ 2003 వరకు ఒకదాంట్లో ఒకటిగా 7 ప్రమేయాలకు మించి ఒప్పుకునేది కాదు, 2007 నుంచి 64. పైథాన్ 200 బ్రాకెట్ల లోతు దగ్గర ఆగిపోతుంది. ఈ హద్దులు యంత్రం ఓపికవి. మన ఓపిక అంతకు చాలా ముందే అయిపోతుంది, అలాంటి వరసను రెండు మూడు ముక్కలుగా విడగొట్టి వేర్వేరు గడుల్లో రాసుకోవడం మేలు.

తెర చూడలేనివాళ్లకు ఈ ఎత్తులూ రంగులూ ఏవీ పనికిరావు. చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ప్రతి బ్రాకెట్‌నూ ‘తెరిచాం, మూశాం’ అంటూ పోతే నాలుగు జతల తరవాత వినేవాడికి తల తిరుగుతుంది. చూపు లేని కంప్యూటర్ శాస్త్రవేత్త టి.వి. రామన్ 1994లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ కోసం చేసిన యాస్టర్ అనే సాఫ్ట్‌వేర్ ఇందుకు గొంతునే వాడుకుంది. లెక్క లోపలి ముక్కలోకి వెళ్లినప్పుడు స్వరం మారుతుంది, బయటికి రాగానే మామూలవుతుంది.

మన తరగతి గదుల్లో మాస్టార్లు చాలాకాలంగా నోటితో ఇలాంటి పనే చేస్తున్నారు. ‘3 ప్లస్ 4 స్క్వేర్’ అంటే 19. ‘3 ప్లస్ 4, హోల్ స్క్వేర్’ అంటే 49. ఆ ‘హోల్’ అన్నమాట మూసే బ్రాకెట్. తెరిచే బ్రాకెట్‌కు మాత్రం నోటిలో మాట లేదు. ‘2 ప్లస్ 3 ప్లస్ 4, హోల్ స్క్వేర్’ అని మాస్టారు బల్లవైపు తిరిగి అనేస్తే, బ్రాకెట్ 2 దగ్గర తెరుచుకుందనుకున్నవాళ్లు 81 రాస్తారు, 3 దగ్గర అనుకున్నవాళ్లు 51 రాస్తారు, తెలివైనవాళ్లు ఆయన బల్ల మీద ఏం రాస్తాడో చూసి రాస్తారు.